ముసుగు లేని ప్రతి

మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకు రెండు మాటలు చాలు. ఈ వారమే మనతో కలిసినవాళ్ళకు నాలుగు చెప్పాలి. అందరూ కెమెరా అక్క అని పిలిచే ఆవిడకు ఇప్పుడు యాభై నాలుగేళ్ళు. ఆడదాన్ని ప్రేమించిన ఆడవాళ్ళు, మగవాణ్ణి ప్రేమించిన మగవాళ్ళు, పుట్టినప్పుడు పెద్దలు రాయించిన లింగం తమది కాదని తెలుసుకుని మారినవాళ్ళు - వీళ్ళ బతుకుల మీదే ఆమె తొమ్మిది డాక్యుమెంటరీలు తీసింది, రెండు వందల బొమ్మలు గీసింది. ఆమె కూడా ఆ మనుషుల్లో ఒకతె. కత్తెర అని స్నేహితులు ముద్దుగా పిలిచే ఎడిటర్‌తో ఇరవై ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో కాపురం ఉంటోంది. ఊళ్ళోకెల్లా పెద్ద మ్యూజియం ఇప్పుడు ఆమె పని మొత్తాన్నీ ఒక అంతస్తు నిండా పరిచి చూపించబోతోంది. ఎల్లుండే ప్రారంభం. "మీకో సర్‌ప్రైజ్ ఉందక్కా, ఒక్కసారి రండి" అని మ్యూజియం అధికారి ఫోన్ చేస్తే, ఆమె పొద్దున్నే ఆ మెట్లెక్కడంతో పోయిన వారం కథ ఆగింది.

మూడో అంతస్తంతా పచ్చి రంగు వాసన. నిచ్చెనల మధ్య, వైర్ల మీదుగా జాగ్రత్తగా అడుగులేస్తూ అధికారి ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి. నున్నగా దువ్విన గడ్డం, మెడలో ఏడు రంగుల పట్టీకి వేలాడే కార్డు. వస్తూనే ఆమె చేతిలో వేడి కాఫీ కప్పు పెట్టాడు.

"ముందు ఇది తాగండక్కా. తాగుతూ చూడండి."

ఆమె రెండు గుక్కలు తాగింది. మూడో గుక్క మింగుతూ మలుపు తిరిగింది.

ఎదురుగా గోడ నిండా ఒక ముఖం. నేల నుంచి పైకప్పు దాకా ఒకటే ముఖం. నలభై ఏళ్ళ ఆడమనిషి, పక్కకు తిరిగి నవ్వుతోంది. ఎవరి పేరో చెప్పబోతూ ఆగినట్టు పెదవులు కాస్త విడివడి ఉన్నాయి. కింద బంగారు రంగు అక్షరాలు: ధైర్యానికి ఒక ముఖం.

కెమెరా అక్క వెంటనే గుర్తుపట్టింది. ఆ ముఖం లెక్కల టీచర్‌ది.

పాతికేళ్ళ కిందటి మాట. అక్క తీసిన మొదటి సినిమాలో ఆ టీచరూ, ఆమెతో కలిసి బతికిన నర్సూ ఉన్నారు. టీచర్ పెట్టిన షరతు ఒక్కటే: నా ముఖం కనపడకూడదు. అలాగేనని అక్క ఆమె చేతిలో చెయ్యేసి చెప్పింది. ముఖం చుక్కలు చుక్కలుగా చెదిరిపోయేలా మిషన్ మీద ఒక తెర వేయించింది. ఎడిటింగ్ గదిలో దాన్ని ముసుగు అనేవాళ్ళు. తీరా టీవీలో వచ్చేసరికి ముసుగు లేదు. ఒక్కరోజులో టీచర్ ఉద్యోగం పోయింది. ఇల్లుగలాయన సామాను బయట పెట్టించాడు, తోడబుట్టిన అన్న మొహం మీదే తలుపేశాడు. నెల తిరక్కుండా నర్సు భయపడి వేరే ఊరు వెళ్ళి, ఎవరినో పెళ్ళి చేసుకుంది. టీవీ ఛానెల్‌లో ఎవడో టేపులు తారుమారు చేశాడని అక్క నమ్మింది, నమ్మి ఊరుకోకుండా పత్రికలో రాసింది. ఆ తర్వాత అక్క గీసిన బొమ్మలన్నిట్లో చేతులు, వీపులు, మెడవంపులే తప్ప ఒక్క ముఖం లేదు. "ముఖాలు లేని బొమ్మలు" అని ఆమెకు పేరొచ్చింది కూడా వాటితోనే.

"ఎలా ఉందక్కా? ఒళ్ళు పులకరించడం లేదూ?" అన్నాడు అధికారి.

"ఎవరినడిగి పెట్టారు?"

"పర్మిషన్ కాగితం ఉందక్కా, సంతకంతో సహా. సినిమా కాగితాలు కూడా మీ ఎడిటర్ గారి చేతి మీదుగానే వచ్చాయి." జేబులోంచి మడత పెట్టిన నకలు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని చూడకుండానే సంచిలో కుక్కింది.

"ఈవిడకు ఏం జరిగిందో నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటక్కా! అసలు కథే అది కదా. ఆ బాధ, ఆ త్యాగం. జనం ఇట్టే కనెక్ట్ అవుతారు."

"త్యాగమా? తను ఇస్తే త్యాగం. అడక్కుండా లాక్కుంటే దొంగతనం."

అతను కళ్ళు పెద్దవి చేశాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. "అబ్బ, ఎంత బాగా చెప్పారక్కా! ఈ మాట పక్క గోడ మీద వేయించుకోవచ్చా?"

అప్పుడు చూసింది తన చేతిలోని కప్పు. దాని మీద కూడా అదే ముఖం, అదే నవ్వు. ఆమె బొటనవేలు టీచర్ నుదుటి మీద ఉంది. అటు బల్ల మీద అలాంటి కప్పులు వరసగా ఇంకో అరవై ఉన్నాయి. వాటి పక్కన గుడ్డ సంచులు, ముఖం నాలుగుగా మడతపడి.

నోట్లో ఇంకా ఆ కాఫీ చేదే ఉంది. పక్కనున్న మొక్క కుండీలోకి ఉమ్మేసి, చీర చెంగుతో మూతి తుడుచుకుంది. కప్పు కింద పెడదామంటే మనసొప్పలేదు. విసిరి కొడదామంటే ఆ ముఖం. చేతిలోనే పట్టుకుని నిలబడింది. రోత అంటే ఇన్నాళ్ళూ కళ్ళకు సంబంధించిందనుకుంది. ఇప్పుడు నాలుక మీద తెలుస్తోంది.

"అమ్మా," అని వెనక నుంచి ఎవరో పిలిచారు. "ఒక్కసారి కిందికి వస్తారా? మీరు వినాల్సింది ఒకటుంది."

మ్యూజియంలో పాత టేపులు శుభ్రం చేసే పెద్దాయన ఆయన. డెబ్భై దాటిన మనిషి, అందరూ టేపుల తాత అంటారు. ఈ రెండు నెలల్లో ఆమె పాత టేపులన్నీ తుడిచి, బూజు వదిలించి, కంప్యూటర్‌లోకి ఎక్కించింది ఆయనే. పని తప్ప మాట తెలియని మనిషి. అలాంటాయన పిలిచేసరికి ఆమె మారు మాట్లాడకుండా వెంట నడిచింది.

నేలమాళిగలో గది చల్లగా ఉంది. గోడ వారన టేపులు నడిపే పాత మిషన్లు మూడు, బీరువాల నిండా పెట్టెలు. తాత ఆమె చేతిలోని కప్పు తీసుకుని, మిగిలిన కాఫీ తూములో ఒంపేసి, కడిగి, బొమ్మ గోడవైపుకు తిప్పి పెట్టాడు. తర్వాత ఒక టేపు మిషన్‌లోకి తోశాడు.

"ఇది మీరిచ్చిన వాటిలోది కాదు. ఛానెల్‌ది. మీ ఎడిటింగ్ గది నుంచి ఆ రోజు వాళ్ళకు వెళ్ళిన టేపు ఇదే."

తెర మీద రంగుల పట్టీలు నిలబడ్డాయి. కూత లాంటి చప్పుడు. ఆ మీదట ఒక ఆడ గొంతు, పడుచు గొంతు, చదివినట్టుగా చెప్పింది: "చివరి కూర్పు. ముసుగు లేని ప్రతి. ప్రసారానికి ఇదే వాడాలి."

తాత టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వినిపించాడు. అవసరం లేదు. ఆ గొంతు "పిల్లా, లే, టీ చల్లారిపోతోంది" అని ఈ పొద్దున కూడా ఆమెను నిద్రలేపింది. పెట్టెలో ఉన్న చీటీ మీద రాత కూడా కత్తెరదే. అక్షరాలన్నీ ముందుకు పడిపోతున్నట్టు రాస్తుంది ఆవిడ.

"ఇది మీ దగ్గరికెలా వచ్చింది?" చీటీ తిరగేసి చూస్తూ అడిగింది అక్క.

"ఛానెల్ మూతపడ్డాక వాళ్ళ పెట్టెలన్నీ ఈ మ్యూజియానికే వచ్చాయి. ఆ సంగతి తెలిసే నేనిక్కడ పనికి కుదిరాను. ఈ ఒక్క టేపు కోసం నాలుగేళ్ళు వెతికానమ్మా."

"మీరెందుకు వెతికారు?"

తాత చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తొందరేమీ పడలేదు. "మీ వ్యాసంలో నేనున్నాను కనక. పేరు లేదులెండి. 'తాగి పని చేసే టేపుల గది మనిషి నిర్లక్ష్యం' అని రాశారు. మర్నాడు ఛానెల్ వాళ్ళు నన్ను పనిలోంచి తీసేశారు. వచ్చిన టేపే వేశానని నెత్తీ నోరూ కొట్టుకున్నాను, ఒక్కడు వినలేదు." గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "నేను తాగనమ్మా. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

కెమెరా అక్కకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మాట ఎక్కడిది? ఎవరో చెప్పారు, రాసేసింది. ఎవరు చెప్పారో కూడా గుర్తు లేదు. బాగుందని రాసింది. 'తాగి' అన్న మాట దగ్గర వాక్యం పదునెక్కిందని సంబరపడింది కూడా.

"నన్ను క్షమి..."

"ఆ మాట ఇక్కడ వద్దు," అన్నాడు తాత. కోపంగా అనలేదు. "ఆ వ్యాసం ఎక్కడ పడిందో ఇదీ అక్కడే పడాలి. మీకు వినిపించాలనుకున్నాను, వినిపించాను. ఇక మీ ఇష్టం."

ఆమె ఇంటికొచ్చేసరికి పదకొండు దాటింది. కత్తెర ముందు గదిలో, కిటికీకి నల్ల గుడ్డ కట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఎల్లుండి సభలో వెయ్యడానికి అక్క జీవితం మీద ఇరవై నిమిషాల చిత్రం కూరుస్తోంది. నొప్పి పెట్టే మోకాలు స్టూలు మీద చాపుకుని, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని ఉంది.

"వచ్చావా పిల్లా? ఇటు చూడు, నీ జుట్టు అంతా నల్లగా ఉన్న రోజుల ముక్క దొరికింది. ఎంత పొగరుగా నడిచేదానివో!"

"ముసుగు నువ్వు తీశావా?"

కత్తెర చెయ్యి ఆగింది. ఏ ముసుగని అడగలేదు. అడిగి ఉంటే అక్కకు కొంచెం ఊరటగా ఉండేదేమో. తెర మీద పడుచు కెమెరా అక్క ఒక కాలు ముందుకేసి బిగుసుకుపోయి నిలబడింది.

"ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు. టేపు మీద నీ గొంతుంది."

కత్తెర కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నేనే తీశాను," అంది.

"ఎందుకు?"

"ముసుగుతో సినిమా చచ్చిపోయింది కాబట్టి. నర్సు పేరు చెప్పేటప్పుడు ఆ మనిషి ముఖం ఎలా వెలిగిందో నువ్వు చూశావు, నేను చూశాను. దాన్ని తీసుకెళ్ళి చుక్కల కింద పాతెయ్యమన్నావు. నా చేతులు ఆడలేదు."

"పాతెయ్యమన్నది నేను కాదు. ఆవిడ! ఆవిడ ముఖం, ఆవిడ అడిగింది!"

"అవును, ఆవిడే అడిగింది. నువ్వు మూడు రోజులు అన్నం మానేసి ఏడ్చావు, ఈ ముఖం చూపించలేకపోతున్నానే అని. నాకప్పుడు ముప్ఫై ఒకటి. నీ మీద పిచ్చి ప్రేమ. నీ ఏడుపు చూడలేకపోయాను."

"అంటే ఇది కూడా నాకోసమేనా?" అంది అక్క. "నామీదికి తోస్తావా?"

"తొయ్యట్లేదు. ఉన్నది చెబుతున్నా."

"ఉన్నది చెప్పడానికి పాతికేళ్ళు పట్టిందా? నేను ఆ ఛానెల్ వాళ్ళను తిడుతుంటే పక్కన కూర్చుని విన్నావే! ఆ టేపుల గదాయన్ని తాగుబోతని రాస్తే..."

"రాస్తే అచ్చుతప్పులు దిద్దాను," అంది కత్తెర చిన్నగా. "ఆ మాట కొట్టెయ్యమని నోటిదాకా వచ్చింది. కొట్టెయ్యమంటే ఎందుకని అడుగుతావు. అందుకని ఊరుకున్నాను."

కెమెరా అక్కకు ఒళ్ళంతా చీదర పుట్టింది. ఈ చేతులు తనకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిన చేతులు. ఈ చేతులతో వడ్డించిన అన్నమే ఇన్నేళ్ళూ తిన్నది. ఉన్నట్టుండి ఆ అన్నమంతా ఒక్కసారి గొంతు దాకా వచ్చినట్టయింది. గోడకు ఆనుకుని నిలబడింది.

"నన్ను ముట్టుకోకు," అంది, కత్తెర కుర్చీలోంచి కదలకపోయినా.

"ముట్టుకోను. కానీ ఒక మాట అడుగుతాను, చెప్పు. టీవీలో వచ్చింది పొరపాటు అనుకున్నావు, సరే. మూడు నెలల తర్వాత పోటీకి పైదేశానికి పంపాం. ఆ కాపీకి ముసుగు వెయ్యమని నాకు చెప్పావా?"

అక్క కిటికీకి కట్టిన నల్ల గుడ్డవైపు చూసింది.

"నేను అడిగాను, గుర్తుందా? ఇదే గదిలో అడిగాను. 'ఎలాగూ బయటపడిందిగా, ఇంకెందుకు' అన్నావు. బహుమతి ఆ కాపీకే వచ్చింది. తర్వాత వచ్చిన సినిమాలన్నీ ఆ బహుమతి వల్లే వచ్చాయి. నేను ఒకసారి ముసుగు తీశాను పిల్లా. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళలో, ఎన్ని హాళ్ళలో తీశామో లెక్కేసుకో. అవన్నీ ఇద్దరం కలిసే తీశాం."

బయట వీధిలో ఎవరిదో స్కూటర్ స్టార్టవక గురగురలాడుతోంది. అది స్టార్టయి, వీధి చివరిదాకా వెళ్ళిపోయింది. అక్కకు గుర్తుంది. కిటికీ దగ్గర నిలబడి, వీపు తిప్పుకుని ఆ మాట అంది. కత్తెర కళ్ళలోకి చూస్తూ అనలేకే అలా తిరిగింది. అసహ్యం వేసేది ఎవరిని చూసో ఇక తేలడం లేదు. ఎదుటి మనిషిని చూస్తే వేస్తోంది, తెర మీద పొగరుగా నిలబడ్డ ఆ పడుచుదాన్ని చూసినా వేస్తోంది.

"ఇప్పుడు మళ్ళీ గోడ నిండా వేయించావు," అంది చివరికి. "కప్పుల మీద వేయించావు. కాఫీ తాగించాడు నాచేత, ఆ ముఖంలో పోసి."

"ఏ గోడ?" కత్తెర నిజంగానే తెల్లబోయింది. "సినిమా హక్కుల కాగితాలు పంపాను, అంతే. ముఖం సంగతి నాకు తెలియదు."

అక్క సంచిలోంచి నకలు తీసి బల్ల మీదికి విసిరింది. కత్తెర మడత విప్పి, కళ్ళజోడు పెట్టుకుని చూసి, నెమ్మదిగా దాన్ని ఆమెవైపు తిప్పింది. "ఈ సంతకం నాది కాదు. నువ్వే చూడు."

గుండ్రంగా, ఒత్తి రాసిన అక్షరాలు. నల్లబల్ల మీద రాసి అలవాటైన చెయ్యి. కింద ఇంటి చిరునామా. అనుమతి ఇచ్చింది లెక్కల టీచరే.

"ముసుగు తీసింది నేనని ఆవిడకు తెలుసు," అంది కత్తెర. "ఆ మరుసటేడే వెళ్ళి చెప్పేశాను. కాళ్ళ మీద పడ్డాను."

"నాకు చెప్పకుండా ఆవిడకు చెప్పావా?"

"నీకు చెప్పనని ఆవిడ నాచేత ఒట్టు వేయించుకుంది. ఎందుకో నాకూ చెప్పలేదు. ఆ ఒట్టు నాకూ సుఖంగానే ఉంది, నిలబెట్టుకున్నాను."

కెమెరా అక్క కాగితం తీసుకుని, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

రెండు బస్సులు మారి, ఎండలో కాసేపు నడిచి, నీళ్ళ ట్యాంకు వీధిలో చిరునామాలో ఉన్న నాలుగంతస్తుల భవనం పట్టుకునేసరికి మూడున్నర అయింది. మూడో అంతస్తులో తలుపు తీసిన మనిషికి జుట్టు ముగ్గుబుట్ట అయింది. నడుం మాత్రం వంగలేదు. చేతిలో ఎర్ర పెన్ను. వెనక బల్ల మీద అచ్చు కాగితాల దొంతర కనపడుతోంది. బడి పోయాక ఇదే ఆవిడ పని: పిల్లల లెక్కల పుస్తకాల్లో తప్పులు దిద్దడం. ఏ పుస్తకంలోనూ ఆవిడ పేరుండదు.

"చేతిలో కెమెరా లేదు కదా?" అంది టీచర్.

"లేదండీ."

"అయితే రండి. కూర్చోమని మాత్రం అనను. కూర్చుంటే మీరు ఏడుస్తారు, నేను ఓదార్చాలి. నాకంత ఓపిక లేదు."

అక్క నిలబడే ఉంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "ఎవరు తీశారో ఇవాళే తెలిసిందండీ," అంది.

"నాకు తెలిసి ఇరవై నాలుగేళ్ళయింది."

"నాకెందుకు చెప్పనివ్వలేదు?"

"మీకు చెబితే మీరు దాని మీద కూడా ఒక సినిమా తీస్తారు." టీచర్ పెన్నుకు మూత పెట్టింది. "బాగా తీస్తారు. బాగా ఏడుస్తారు అందులో. నేను ఇంకోసారి ఊరందరికీ కనపడతాను. అందుకని వద్దన్నాను."

చెంపదెబ్బ తిన్నట్టయింది అక్కకు. ఇంకా రోత ఏమిటంటే, అది నిజం. బస్సులో వస్తున్నప్పుడు కూడా కిటికీ పక్కన కూర్చుని, ఈ తలుపు తెరుచుకునే క్షణాన్ని ఎక్కడి నుంచి తియ్యాలా అని ఒక్కసారి అనుకుంది.

"మరి ఈ సంతకం?" కాగితం చూపించింది. "గోడ నిండా వేశారండీ. కప్పుల మీద వేశారు. మీరు ఒప్పుకున్నారంటే నమ్మలేకపోతున్నాను."

"కప్పుల సంగతి చెప్పలేదు వాళ్ళు." టీచర్ మొహం ఒక్క క్షణం ముడుచుకుంది, అంతలోనే సర్దుకుంది. "పోనివ్వండి. నా ముఖం గురించి నన్నడగడం అదే మొదటిసారి. ఒక షరతు మీద ఒప్పుకున్నాను. ప్రారంభం రోజు నాకు మైకు ఇవ్వాలి, పది నిమిషాలు. ఏం మాట్లాడతానో ముందుగా ఎవరికీ చెప్పను. ఆ గడ్డం కుర్రాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. నేను ఏడుస్తాననుకున్నాడేమో."

"ఏం మాట్లాడతారు?"

టీచర్ బల్ల సొరుగు లాగి, దారంతో కట్టిన ఉత్తరాల కట్ట తీసి అచ్చు కాగితాల మీద పెట్టింది. "రిబ్బను కత్తిరించేది ఎవరో ఆహ్వానం కార్డులో చూశారా?"

"మ్యూజియం ట్రస్టు అధ్యక్షురాలు."

"అప్పట్లో ఆవిడ మా బడి హెడ్మిస్ట్రెస్. నన్ను తీసేసిన కాగితం మీద సంతకం ఆవిడదే. 'ఇలాంటి మనిషి నీడ కూడా ఆడపిల్లల మీద పడకూడదు' అని రాసింది. ఆ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది." కట్ట మీద వేలితో తట్టింది. "దానికి రెండేళ్ళ ముందు నుంచీ నాకు రాసిన ఉత్తరాలివి. మొత్తం పద్దెనిమిది. నేను లేకపోతే బతకలేనని రాసింది. నాకు నర్సు ఉంది, కుదరదన్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ్టి దాకా చెప్పలేదు."

కెమెరా అక్క ఆ కట్టవైపు చూసింది. డెబ్భై ఐదేళ్ళ ముసలావిడ, భర్త, మనవలు, ముందు వరసలో పూలదండలు. ఆ గోడ కింద ఈ ఉత్తరాలు మైకులో. ఊళ్ళోని కెమెరాలన్నీ ఒక్కసారిగా ఆవిడ ముఖం మీదికి తిరగడం ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

"వద్దండీ," అంది.

"ఎందుకొద్దు?"

"ఆవిడ చేసింది నీచం. కాదనను. కానీ ఇది... ఆవిడ ఒప్పుకోలేదు కదండీ."

టీచర్ ఆమెవైపు చూసింది. పాతికేళ్ళలో మొదటిసారి ఆ ముఖం మీద నవ్వు లాంటిదేదో కదిలింది. గోడ మీది నవ్వు కాదు అది.

"నేను ఒప్పుకున్నానా?"

అక్క చేతిలోని కాగితాన్ని మడత పెట్టింది.

"అయినా మీకూ నాకూ ఒక తేడా ఉంది," అంది టీచర్, ఉత్తరాల కట్టను బల్ల మధ్యకు జరుపుతూ. "నేను చెప్పకుండా చెయ్యను. మనిషిని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, ఇలా చెయ్యబోతున్నానని చెప్పి మరీ చేస్తాను. ఆవిడ ఏమంటుందో విని, ఆ తర్వాతే నిర్ణయించుకుంటాను."

"ఎప్పుడు చెబుతారు?"

మెట్ల మీద నుంచి ఊతకర్ర చప్పుడు వినిపించింది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కి, మూడో అంతస్తు గడప ముందు నిలిచిపోయింది. తర్వాత గంట మోగింది.

"నాలుగింటికి రమ్మన్నాను. టైము తప్పని మనిషి." టీచర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"తలుపు మీరు తియ్యండి."